గాలిని కడిగే యంత్రంపై గుత్తహక్కు ఎంతవరకు?

ఊరుమ్మడి చెరువులోని నీరు ఏ ఒక్కరి సొత్తూ కాదు. అయితే ఆ నీటిని పొలానికి ఎత్తే సాధనాన్ని కొత్తగా కల్పించినవానికి ఆ సాధనం మీద కొంత హక్కు ఉండడం న్యాయమేనని లోకం చాలాకాలంగా అంగీకరిస్తున్నది. గాలి విషయంలో ఇటువంటి ప్రశ్నయే ఇప్పుడు మన ముందుకు వచ్చినది. కర్మాగారాల పొగ నుండి గాని, వాతావరణం నుండి గాని బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, ఒక ద్రావణంలో పట్టి, ఆ ద్రావణాన్నే విద్యుత్తుతో విశ్లేషించి, ఉపయోగపడే పదార్థాలుగా మార్చే యంత్రాలు పరిశోధనాలయాలలో రూపొందుతున్నవి. వీటికి పేటెంటు ఈయవచ్చునా? ఈయవచ్చునంటే ఎంతవరకు? ఇది న్యాయవాదులకూ రసాయన శాస్త్రజ్ఞులకూ మాత్రమే చెందిన ప్రశ్న కాదని మా అభిప్రాయం. పేటెంటు అనగా ఇరవై సంవత్సరాలపాటు ఇతరులను ఒక పని చేయకుండా ఆపగల అధికారం. ఆ పని అందరూ పీల్చే గాలికి సంబంధించినదైనప్పుడు, ఆ అధికారపు హద్దులు ఎక్కడ ఉన్నవో తెలుసుకొనడం విద్యావంతులందరి బాధ్యత.

ఈ విషయంలో రెండు వాదాలు వినవస్తున్నవి. గాలి అందరిదీ కనుక దానిని శుభ్రపరచే ఏ సాధనానికీ గుత్తహక్కు కూడదనేది ఒకటి. ఎంతో ధనం, శ్రమ వెచ్చించినవారికి అడిగినంత హక్కు ఈయనిచో ఎవరూ పరిశోధన చేయరనేది రెండవది. మేము ఈ రెండింటితోనూ ఏకీభవించము. చేనుకు కంచె వేసుకొనే హక్కు రైతుకు కలదు. చేనికి పోయే బాటకు కంచె వేసే హక్కు ఎవరికీ లేదు. ఈ యంత్రాలలో ఏది చేను, ఏది బాట అనేది తేల్చడమే అసలు సమస్య.

ముందుగా యంత్రం సంగతి చూతము. బొగ్గుపులుసు వాయువు ఆమ్లగుణం కలది. క్షార ద్రావణం గుండా పొగను పంపితే ఆ వాయువు ద్రావణంలో చిక్కుకొని కార్బొనేటుగాను, బైకార్బొనేటుగాను మారుతుంది. అమీను అనే సేంద్రియ పదార్థాల ద్రావణం కూడా ఈ పనిని చక్కగా చేస్తుంది. పట్టడం సులభమే, విడిపించడమే కష్టం. అమీను ద్రావణాన్ని సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తే గాని వాయువు బయటకు రాదు. క్షార ద్రావణంతో పట్టి, సున్నపురాయి రూపానికి మార్చే పద్ధతిలోనైతే సుమారు 900 డిగ్రీల వేడి కావలెను. ఆ వేడి కొరకు మరల ఇంధనం కాల్చవలసి వచ్చును. పిమ్మట శుద్ధమైన వాయువును వేరొక యంత్రంలోనికి పంపి విద్యుత్తుతో మార్చవలెను. అక్కడ కూడా చిక్కు ఉన్నది. ఆ యంత్రంలోని క్షారం వాయువులో కొంత భాగాన్ని మరల కార్బొనేటుగా మార్చివేస్తుంది. కష్టపడి విడిపించినది తిరిగి కట్టుపడుతుంది.

ఈ చిక్కును చూచిన పరిశోధకులు వాయువును విడిపించే మెట్టునే తీసివేయదలచినారు. కెనడా దేశంలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కర్టిస్ బెర్లింగెట్ బృందం బైకార్బొనేటు ద్రావణాన్ని నేరుగా విద్యుత్ ఘటంలోనికి పంపి కార్బన్ మోనాక్సైడును పొందినట్లు 2019లో ప్రకటించినది. ఆ ఘటం మధ్య రెండు పొరలు అతికిన ద్విధ్రువ పొర ఒకటి ఉంటుంది. విద్యుత్తు ప్రవహించగా అది నీటిని విడగొట్టి హైడ్రోజన్ అయాన్లను కాథోడు వైపునకు పంపుతుంది. అవి బైకార్బొనేటును తాకగానే బొగ్గుపులుసు వాయువు కాథోడు ప్రక్కనే పుడుతుంది. పుట్టిన చోటనే వెండి ఉత్ప్రేరకం దానిని కార్బన్ మోనాక్సైడుగా మారుస్తుంది. మిగిలిన ద్రావణం మరల క్షారగుణం పొంది, మరికొంత వాయువును పట్టుటకు సిద్ధమగును. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో అమీను ద్రావణానికి క్షారలోహపు అయాన్లను చేర్చి, అంతవరకు సరిగా సాగని మార్పును సాగించి చూపినారు.

ఇందులో పాతది ఎంత, కొత్తది ఎంత? పేటెంటు పరీక్షలో మొదటి ప్రశ్న ఇదే. విద్యుత్తుతో నీటిని విడగొట్టడం 1800 సంవత్సరంలో నికల్సన్, కార్లైల్ అనువారు చూపినారు. ఎంత విద్యుత్తుకు ఎంత పదార్థం వెలువడునో ఫారడే 1830 దశకంలోనే సూత్రీకరించినాడు. బొగ్గుపులుసు వాయువును విద్యుత్తుతో ఫార్మిక్ ఆమ్లంగా మార్చినట్లు రోయర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1870లోనే ప్రకటించినాడు. అమీను ద్రావణంతో ఆమ్లవాయువులను పట్టే పద్ధతికి అమెరికాలో ఆర్.ఆర్. బాటమ్స్ 1930లోనే పేటెంటు పొందినాడు. అది ఎన్నడో కాలం తీరి లోకానికి సొత్తయినది. రాగి కాథోడు మీద మీథేను, ఎథిలీను వంటివి కూడా పుట్టునని జపానులో యోషియో హోరి 1980 దశకంలో చూపినాడు. కనుక వాయువును ద్రావణంలో పట్టడం పాతదే, విద్యుత్తుతో మార్చడం కూడా పాతదే. ఇవి బాటలు. వీటి మీద ఎవరికీ కంచె వేయు హక్కు లేదు. కొత్తదనం ఉండవలసినది ఈ రెండింటి కలయికలో మాత్రమే.

ఇక కలయికను గూర్చి మన చట్టం ఏమనుచున్నది? జస్టిస్ రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదిక పునాదిగా 1970లో భారత పేటెంట్ల చట్టం రూపొందినది. తరువాత సవరణలు జరిగినవి గాని దాని వెన్నెముక నిలిచియున్నది. కోరిన వస్తువు గాని, పద్ధతి గాని కొత్తది కావలెను; ఆ విద్యలో నేర్పుగలవానికి తేలికగా తట్టనిది కావలెను; పరిశ్రమలో ఉపయోగపడవలెను. ఇవి మూడు పరీక్షలు. ఇవి గాక 3వ సెక్షను పేటెంటుకు తగని వాటి పట్టిక నిచ్చినది. తెలిసిన యంత్రాన్ని గాని, పద్ధతిని గాని వట్టిగా వాడుకొనుటకు పేటెంటు లేదు. ఆ తెలిసిన పద్ధతి కొత్త పదార్థాన్ని ఈయవలెను, లేదా కనీసం ఒక కొత్త కారకాన్ని వాడవలెను. ఇది 3(డి). తెలిసిన పరికరాలను ప్రక్క ప్రక్కన అమర్చి, ఏదానికది తన పాత పని తాను చేసుకొనుచుండగా, ఆ అమరికనే ఆవిష్కరణ అనరాదు. ఇది 3(ఎఫ్).

ఈ సూత్రానికి మన సుప్రీంకోర్టు 1978లో చక్కని వివరణ నిచ్చినది. వివాదం విద్యుత్ ఘటాల గూర్చి కాదు, వంటపాత్రల గూర్చి. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూరులో లోహపు పాత్రలను తరిమెన పట్టునప్పుడు కదలకుండా పట్టి ఉంచే సాధనానికి ఒక సంస్థ పేటెంటు పొందియున్నది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ వివాదంగా అది ప్రసిద్ధి కెక్కినది. పనివాడు తన కార్ఖానాలో రోజువారీ నేర్పుతో చేసుకొనే సవరణ ఆవిష్కరణ కాదని న్యాయస్థానం ఆ పేటెంటును త్రోసివేసినది. అయితే పాత అంగాలైనను ఒకదానితో ఒకటి కలిసి పనిచేసి కొత్త ఫలితాన్ని గాని, మెరుగైన ఫలితాన్ని గాని ఇచ్చినప్పుడు ఆ కలయికకు పేటెంటు తగునని కూడా చెప్పినది. పాత్రల కొరకు చెప్పిన ఈ మాట నేటి విద్యుత్ ఘటాలకు అచ్చముగా సరిపోవుచున్నది.

ఈ గీటురాయి మీద మూడు రకాల దరఖాస్తులను గీచి చూతము. ఒకడు అమీను తొట్టిని ఒక వైపున, వేడి చేసే గోపురాన్ని మధ్యన, మామూలు విద్యుత్ ఘటాన్ని మరొక వైపున పెట్టి గొట్టాలతో కలిపినాడనుకొందము. తొట్టి పట్టే పని, గోపురం విడిపించే పని, ఘటం మార్చే పని వేటికవి మునుపటివలెనే చేయుచున్నవి. ఇది 3(ఎఫ్) క్రింద తిరస్కరింపదగినదని మా నిశ్చయం. గొట్టం ఎంత పొడవైనను అది ఆవిష్కరణ కాజాలదు.

రెండవవాడు పైన చెప్పిన ద్విధ్రువ పొర గల ఘటాన్ని తెచ్చినాడనుకొందము. పొర ఇచ్చిన ఆమ్లం వాయువును విడిపించుచున్నది. విడిపడిన వాయువును ఉత్ప్రేరకం అక్కడనే వినియోగించుచున్నది. ఫలితంగా ద్రావణం మరల పట్టుటకు యోగ్యమగుచున్నది. ఇందులో ఒక అంగం లేనిదే మరొకటి నడవదు. వేడి చేసే గోపురమే అక్కరలేకుండా పోయినది. అటువంటి కలయికను మొదట కల్పించినవాడు, దానిని లోకానికి వెల్లడించక ముందే దరఖాస్తు చేసినచో, పేటెంటుకు అర్హుడే. అమీను ద్రావణానికి అయాన్లు చేర్చిన సవరణ కూడా ఇట్టిదే. చేర్చినది గోరంత, అయినను నేర్పుగలవారికి ముందుగా తట్టని ఫలితం వచ్చినచో చట్టం చూచేది ఫలితాన్నే గాని చేర్చిన తూకాన్ని కాదు.

మూడవవాడే ప్రమాదకారి. అతడు వెండి కాథోడుతో, ఒక పొరతో, ఒక ద్రావణంతో ప్రయోగం చేసి, హక్కు కోరునప్పుడు మాత్రం ఏ ద్రావణంలో పట్టిన కార్బనునైనను, ఏ కాథోడు మీదనైనను, ఏ పదార్థంగానైనను విద్యుత్తుతో మార్చే యావత్తు వ్యవస్థ తనదే అంటాడు. తాను దున్నినది ఒక చేను, కోరినది ఊరి పొలిమేర యంతయు. ఇట్టి కోరిక కొత్తది కాదు. టెలిగ్రాఫును కల్పించిన శామ్యూల్ మోర్స్, విద్యుదయస్కాంత శక్తితో దూరాన అక్షరాలు ముద్రించే పద్ధతి ఏదైనను, ఎవరు ఎట్లు కల్పించినను తనదేనని కోరినాడు. అమెరికా సుప్రీంకోర్టు 1854లో అతని యంత్రానికి సంబంధించిన హక్కులను నిలిపి, ఈ విశాలమైన కోరికను మాత్రం కొట్టివేసినది. బొగ్గుపులుసు వాయువు విషయంలోనూ న్యాయం అదే. చూపినంతవరకే హక్కు, చూపనిది రాబోవు పరిశోధకులది.

ఇక్కడ భాషాభ్యాసం చేసేవారు గమనింపదగిన విశేషం ఒకటి కలదు. పేటెంటు పత్రంలో ఎన్ని పటాలు, ఎన్ని పుటల వివరణ ఉన్నను హక్కు హద్దులను నిర్ణయించేది చివరనుండే హక్కు వాక్యాలే. ఒక్కొక్క హక్కును ఒక్కొక్క వాక్యంలోనే చెప్పడం ఆచారం. ఆ వాక్యంలో ‘కలిగియున్న’ అన్నచో ఒక అర్థం, ‘మాత్రమే కలిగియున్న’ అన్నచో మరొక అర్థం. మొదటిది ఇతర అంగాలు చేర్చినవారిని కూడా పట్టుకొనును. రెండవది వారిని విడిచిపెట్టును. ‘వెండి’ అనుటకు, ‘లోహం’ అనుటకు మధ్య కొన్ని కోట్ల రూపాయల వ్యాపారం ఉండవచ్చును. విశేషణానికి ఇంత విలువ ఉన్నదని మన వ్యాకరణ తరగతిలో కూర్చుండే విద్యార్థి ఊహించి ఉండడు. విజ్ఞానశాస్త్రం చదివినవారికి భాష అక్కరలేదనే మాట ఎంత పొరపాటో ఇందువలన తెలియును.

వాక్యాలు ఇరుకైనచో పెట్టుబడి ఎవరు పెట్టెదరని కొందరు అడుగుదురు. పెట్టుబడి కావలసినదే. కాని విశాలమైన హక్కు మొదటివానికి ధైర్యమిచ్చినట్లే, వాని వెనుక వచ్చే పదిమందికి భయం కలిగించును. ఈ విద్య ఇంకను బాల్యదశలో ఉన్నది. ఉత్ప్రేరకాలు త్వరగా చెడుచున్నవి, పొరలు ఖరీదైనవి, అసలు పొగలోని గంధకపు మలినాలు చిక్కు తెచ్చుచున్నవి. ఇంతమంది చేయవలసిన పని మిగిలియుండగా ఒకనికి పొలిమేర యంతయు వ్రాసి ఇచ్చినచో కంచెయే చేను మేసినట్లగును.

అసలు పేటెంటే వద్దనే వారికి కూడా మేము ఒక మాట మనవి చేయదలచినాము. పేటెంటు వట్టి దానం కాదు, బేరం. దరఖాస్తుదారు తన ఆవిష్కరణను పూర్తిగా, తనకు తెలిసిన ఉత్తమ పద్ధతితో సహా వ్రాసి ఈయవలెను. అది మామూలుగా 18 నెలల తరువాత ప్రకటితమగును, ఎవరైనను చదువవచ్చును. పేటెంటు లేనిచో ఆ రహస్యం కర్మాగారపు గోడలు దాటదు. అంతేగాక ఈ హక్కు దేశపు సరిహద్దు దాటదు. కెనడాలో మాత్రమే పేటెంటు గల సాధనాన్ని భారతదేశంలో వాడుటకు ఆ పేటెంటు అడ్డు కాదు.

ప్రజలకు కూడా చట్టం ఆయుధాలు ఇచ్చినది. పేటెంటు మంజూరు కాకమునుపు ఏ వ్యక్తియైనను 25వ సెక్షను క్రింద లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలుపవచ్చును. 1870 నాటి వ్యాసమైనను సరే, కొత్తదనాన్ని కొట్టివేయుటకు సాక్ష్యమే. మంజూరైన మూడు సంవత్సరాల తరువాత, ఆ సాధనం ప్రజలకు చాలినంతగా అందకున్నను, ధర అందుబాటులో లేకున్నను, ఈ దేశంలో వినియోగంలోనికి రాకున్నను, 84వ సెక్షను క్రింద ఇతరులు నిర్బంధ లైసెన్సు కోరవచ్చును. దీనికి నిదర్శనం మన హైదరాబాదు నుండే కలదు. నెలకు సుమారు 2,80,000 రూపాయలకు అమ్ముడుపోవుచుండిన బేయర్ కంపెనీ క్యాన్సర్ మందును 8,880 రూపాయలకు అమ్ముటకు నాట్కో సంస్థకు 2012లో ఇట్టి లైసెన్సు లభించినది. పేటెంటుదారుకు రాయల్టీ కూడా నిర్ణయింపబడినది. తరువాత వచ్చిన కొన్ని దరఖాస్తులు తిరస్కరింపబడిన మాట నిజమే. ఆయుధం ఒరలో ఉన్నంత మాత్రాన పని జరగదు, తీయగలవాడు కావలెను. మందు ఒక రోగిని కాపాడును. ఈ యంత్రాలు ఫలించినచో ఊళ్లకు ఊళ్లను కాపాడగలవు. కనుక ఈ నిబంధన వీటికి మరింత వర్తింపదగినదని మా వాదం.

ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. పేటెంటు వచ్చినదన్నంత మాత్రాన ఆ యంత్రం గాలిని బాగుచేయునని ధ్రువపత్రం లభించినట్లు కాదు. లెక్క వేసి చూడుడు. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువును కార్బన్ మోనాక్సైడుగా మార్చుటకు, ఒక్క ఎలక్ట్రాను కూడా వృథా కాకుండా, మూడు వోల్టుల వద్ద ఘటం నడిచినను, ఫారడే సూత్రం ప్రకారం సుమారు 3,650 యూనిట్ల విద్యుత్తు కావలెను. మన దేశపు విద్యుత్తులో అధికభాగం బొగ్గు నుండి వచ్చుచున్నది. యూనిట్టు ఒక్కింటికి సగటున సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడుచున్నది. అనగా ఒక టన్నును మార్చుటకు రెండున్నర టన్నులు గాలిలోనికి వదలవలసి వచ్చును. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట కన్న ఇది అధ్వాన్నం. సూర్యరశ్మి వలన గాని, గాలిమరల వలన గాని వచ్చు విద్యుత్తుతో నడిపినప్పుడే ఈ యంత్రానికి అర్థం కలదు. పేటెంటు పరీక్షకుడు ఈ లెక్క అడగడు. అడగవలసినవారు ప్రజలు, ప్రభుత్వాలు. ‘పేటెంటు పొందిన హరిత యంత్రం’ అనే ప్రకటనను చూచి ప్రభుత్వ ధనం వెచ్చించే ముందు ఈ గుణకారం ఒక్కసారి చేయవలెను.

ఇవన్నియు మన కళాశాలకు ఎందుకని పాలక సంఘం వారు అడుగవచ్చును. మన సైన్సు విభాగపు విద్యార్థులు ఏటేటా ప్రదర్శనలలో నమూనాలు పెట్టుచున్నారు. అందులో నిజముగా కొత్తది ఏదైనా ఉన్నచో, ముందుగా ప్రదర్శించి తరువాత పేటెంటు కోరుట చాలా సందర్భాలలో చేజేతులా హక్కును జారవిడుచుకొనుటయే యగును. కొన్ని ప్రదర్శనలకు, పండిత సభలకు చట్టం పరిమితమైన సడలింపు నిచ్చినను దానిని నమ్ముకొని ఉండుట వివేకం కాదు. 2021లో వచ్చిన నియమాల సవరణతో విద్యాసంస్థలకు పేటెంటు రుసుములో 80 శాతం తగ్గింపు లభించుచున్నది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు చెందిన దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోనికి వచ్చును. కనుక ప్రదర్శనకు ముందే నమూనాలను పరిశీలించుటకు ఇద్దరు ముగ్గురు అధ్యాపకులతో ఒక చిన్న ఉపసంఘాన్ని నియమించవలసినదిగా కోరుచున్నాము.

రెండవ కోరిక విద్యార్థులకు. పేటెంటు పత్రాలు మన దేశంలో ఇంగ్లీషులో గాని, హిందీలో గాని ఉండవలెను. లోకానికి వెల్లడి చేయుటయే బేరమైనప్పుడు, ఆ వెల్లడి తెలుగు, ఉర్దూ మాత్రమే చదివే మెకానిక్కుకు, చిన్న కార్ఖానాదారుకు అందనిచో బేరంలో సగం మిగిలిపోయినట్లే. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినప్పుడు, శాస్త్రగ్రంథాలను అనువదించుటకు 1917లోనే ప్రత్యేకంగా ఒక అనువాద శాఖ ఏర్పడినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో పారిభాషిక పదాలకు, పాఠ్యగ్రంథాలకు పూనుకొన్నది. ఆ రెండు సంప్రదాయాలకూ వారసులమైన మనము నెలకొక పేటెంటు పత్రపు సారాంశాన్ని రెండు భాషలలోను వ్రాసి కళాశాల గోడపత్రికలో పెట్టినచో, అది చిన్న పని కాదు. అందులో హక్కు వాక్యం ఎంతవరకు పోయినదో, ఆవిష్కర్త నిజంగా చూపినది ఎంతో, రెండింటినీ ప్రక్క ప్రక్కన వ్రాయవలెను.

మా అభిప్రాయాన్ని క్రోడీకరించి చెప్పవలెనన్నచో ఇది. ద్రావణంలో పట్టిన కార్బనును మార్చే యంత్రానికి పేటెంటు ఈయవచ్చును. అంగాలు కలిసి పనిచేసి కొత్త ఫలితం ఇచ్చినప్పుడు మాత్రమే ఈయవలెను. చూపినదానిని మించి ఒక్క విశేషణమైనను ఈయరాదు. ఇచ్చిన పిమ్మట అది దేశంలో వినియోగంలోనికి వచ్చుచున్నదా లేదా అని అడుగుచుండవలెను. ఈ నాలుగవ పనిని చట్టం ఏ అధికారికో వదలలేదు. చదువు వచ్చిన ప్రతివానికి అప్పగించినది.